పాఠం 9: ప్రదర్శనకు ముందు పెరిగే అంచనాలు – ఒక వీడియో గేమ్ సంస్థ అనుభవం

9.1 పరిచయం

పెద్ద హీరో సినిమా విడుదలకు ముందు జరిగే ప్రీ-రిలీజ్ వేడుకను మీరు టీవీలోనో ఫోన్‌లోనో చూసే ఉంటారు. ఆ సాయంత్రం చూపేది సినిమా కాదు, రెండు మూడు నిమిషాల ట్రైలర్. అయినా అది నచ్చకపోతే తెల్లారేసరికి ‘సినిమా పోయిందట’ అనే మాట ఊరంతా పాకిపోతుంది. చూడని సినిమా మీద అంత నిరాశ ఎక్కడిది? వినియోగదారుల ప్రవర్తనను అధ్యయనం చేసే విద్యార్థికి ఇది చిన్న ప్రశ్న కాదు. వస్తువు ఇంకా చేతికి రాలేదు. దాని కోసం డబ్బు ఇంకా ఖర్చు కాలేదు. అసంతృప్తి మాత్రం అప్పుడే పూర్తి స్థాయిలో ఉంది.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి ఈ పాఠంలో సినిమాను కాక అమెరికాలోని ఒక వీడియో గేమ్ సంస్థను ఎంచుకున్నాం. అక్కడ ఆశ పెరిగిన తీరు, అది కూలిన రోజు, ఆ తరువాత జరిగిన సంగతులు అన్నీ తేదీలతో సహా బహిరంగంగా నమోదై ఉండడమే ఇందుకు కారణం. సంస్థ పేరు బ్లిజార్డ్ ఎంటర్‌టైన్‌మెంట్. సందర్భం 2018 నవంబర్ 2న కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఆనహైమ్ నగరంలో మొదలైన ‘బ్లిజ్‌కాన్’ అనే ఉత్సవం. గేమ్ పేరు డయాబ్లో. మీకు గేమ్‌లు ఆడే అలవాటు లేకపోయినా ఈ పాఠం అర్థం చేసుకోవడానికి ఇబ్బంది ఉండదు.

9.2 సంస్థ, ఉత్సవం, గేమ్

బ్లిజార్డ్ 1991లో వేరే పేరుతో మొదలైంది. వార్‌క్రాఫ్ట్, స్టార్‌క్రాఫ్ట్, డయాబ్లో అనే మూడు గేమ్ వరుసలతో కంప్యూటర్ మీద ఆడేవారిలో గట్టి పేరు తెచ్చుకుంది. 2005లో తన అభిమానుల కోసం బ్లిజ్‌కాన్‌ను మొదటిసారి నిర్వహించింది. మధ్యలో ఒకటి రెండు సంవత్సరాలు మినహా 2019 వరకు అది దాదాపు ఏటా జరిగింది.

ఇది వ్యాపారుల కోసం పెట్టే సంత కాదు, అభిమానుల కోసం జరిపే జాతర అని గుర్తుంచుకోవాలి. 2018లో లోపలికి వెళ్ళడానికి టికెట్ ధర 199 డాలర్లు. ఇంట్లో కూర్చొని పూర్తి కార్యక్రమాలు చూడదలచినవారు దాదాపు 50 డాలర్లు చెల్లించాలి. టికెట్లు నెలల ముందే అమ్ముడుపోతాయి. అంటే కొనేనాటికి అక్కడ ఏం చూపిస్తారో కొనేవాడికి తెలియదు. విమాన ఛార్జీలు, హోటల్ గది అద్దె అదనం. ఇంత ఖర్చు పెట్టి వచ్చేవాడు సాధారణ వినియోగదారుడు కాదు. గేమ్‌లోని పాత్రల వేషం కట్టుకొని వస్తాడు, ఏళ్ల తరబడి స్నేహితులతో ఆడిన ఆటల జ్ఞాపకాలు మోసుకొని వస్తాడు.

ఇక డయాబ్లో. చీకటి నేలమాళిగల్లోకి దిగి, రాక్షసులను సంహరిస్తూ, దొరికిన ఆయుధాలు, కవచాలు పోగుచేసుకుంటూ ముందుకు సాగే గేమ్ ఇది. మొదటి భాగం 1996 చివరిలో, రెండోది 2000లో, మూడోది 2012 మే నెలలో వచ్చాయి. మూడో భాగం మొదటి 24 గంటల్లోనే 35 లక్షల ప్రతులు అమ్ముడైంది. రెండో భాగానికీ మూడో భాగానికీ మధ్య పన్నెండేళ్లు గడిచాయి. ఈ అభిమానులకు ఎదురుచూడడం కొత్త కాదు.

9.3 ‘వస్తే బాగుండు’ నుంచి ‘రావాలి’ వరకు

అంచనా అనే మాటను మనం ఒకే అర్థంలో వాడుతుంటాం గాని, అందులో కనీసం నాలుగు మెట్లు ఉన్నాయి. తెలుగు క్రియారూపాలే వాటిని చక్కగా విడదీసి చూపిస్తాయి. ‘వస్తే బాగుండు’ అన్నది కోరిక. ‘రావచ్చు’ అన్నది ఊహ. ‘వస్తుంది’ అన్నది నమ్మకం. ‘రావాలి’ అన్నది హక్కు. మార్కెటింగ్ పరిశోధకులు కూడా ‘ఇలా జరుగుతుంది’ అనే అంచనాను ‘ఇలా జరగాలి’ అనే అంచనా నుంచి వేరు చేసి చూస్తారు. మొదటిది తప్పితే మనిషి ఆశ్చర్యపోతాడు. రెండోది తప్పితే తనకు అన్యాయం జరిగిందనుకుంటాడు.

డయాబ్లో అభిమానులు ఈ మెట్లు ఎలా ఎక్కారో చూద్దాం. 2016లో ఆ గేమ్‌కు ఇరవై ఏళ్లు నిండాయి. ఆ ఏడాది బ్లిజ్‌కాన్‌లో నాలుగో భాగం ప్రకటన వస్తే బాగుండునని చాలామంది కోరుకున్నారు. వచ్చినవి మూడో భాగంలో ఒక కొత్త పాత్ర, మొదటి భాగాన్ని గుర్తుచేసే ఒక చిన్న వినోదం. కొంత నిరాశ కలిగినా గొడవ జరగలేదు. కోరిక నెరవేరకపోతే ఎవరూ కేకలు వేయరు.

2018 ఆగస్టులో సంస్థ ఒక వీడియో విడుదల చేసింది. డయాబ్లోకు సంబంధించి ఒకటి కాదు, పలు ప్రాజెక్టులు తయారవుతున్నాయని, వాటిలో కొన్నింటిని ఈ ఏడాదిలోనే చూపించే అవకాశం ఉందని అందులో చెప్పారు. జాగ్రత్తగా చదివితే ఇందులో ఏ వాగ్దానమూ లేదు. కానీ ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నవాడు జాగ్రత్తగా చదవడు. ‘పలు’ అన్న మాట వినగానే వాటిలో ఒకటి నాలుగో భాగమే అని తీర్మానించుకుంటాడు. (ఆ తీర్మానం నిజమే అని తరువాత తేలింది. తప్పింది సంవత్సరం మాత్రమే.) అలా ‘రావచ్చు’ కాస్తా ‘వస్తుంది’ అయింది.

తరువాత ఉత్సవ కార్యక్రమ పట్టిక వెలువడింది. ప్రారంభ సభ ముగిసిన వెంటనే, ప్రధాన వేదిక మీద, డయాబ్లో భవిష్యత్తు గురించిన కార్యక్రమానికి చోటు ఇచ్చారు. ఏటా ఆ సమయం ఆ సంవత్సరపు అతి పెద్ద ప్రకటనకే దక్కుతుందని పాత అభిమానులందరికీ తెలుసు. పెళ్లి భోజనాల్లో మొదటి బంతిలో ఎవరిని కూర్చోబెట్టారో చూసి, ఆ ఇంట్లో వారికి ఎంత మర్యాదో మనం గ్రహించినట్టే, వారు పట్టికను చూసి సంస్థ మనసు గ్రహించారు. ‘వస్తుంది’ అన్నది ‘రావాలి’ దాకా పోయింది.

సంస్థ ఈ ప్రమాదాన్ని గమనించకపోలేదు. అక్టోబర్ మధ్యలో ఒక ప్రకటన చేసింది. వేర్వేరు బృందాలు వేర్వేరు డయాబ్లో ప్రాజెక్టుల మీద పనిచేస్తున్నాయని, అయితే అన్నింటినీ ఈసారి ప్రకటించే స్థితిలో లేమని, కొన్నింటికి సమయం పడుతుందని తెలిపింది. ఈ వివరణ ఎందుకు పనిచేయలేదన్నదే ఈ పాఠంలో నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించే విషయం. సంస్థ మాటలతో చెప్పింది ఒకటి, అమరికతో చెప్పింది మరొకటి. ‘ఎక్కువ ఆశించకండి’ అని నోటితో చెబుతూ, అతి పెద్ద ప్రకటనకు ఉద్దేశించిన సమయాన్ని అలాగే అట్టిపెట్టింది. రెండింటిలో ప్రేక్షకుడు ఎప్పుడూ అమరికనే నమ్ముతాడు. మాట మార్చడం తేలిక, వేదిక మార్చడం కష్టం అని అతనికి తెలుసు కదా.

మీ అవగాహనను సరిచూసుకోండి: సంస్థ స్పష్టంగా ఏ వాగ్దానమూ చేయకుండానే వినియోగదారుడిలో ‘రావాలి’ అనే అంచనా ఏర్పడడానికి దోహదపడే అంశాలను పై భాగం ఆధారంగా మీ మాటల్లో రాయండి.

9.4 2018 నవంబర్ 2

ప్రారంభ సభలో ఇతర గేమ్‌ల ప్రకటనలన్నీ అయిపోయాక చివరగా డయాబ్లో వంతు వచ్చింది. ప్రకటించింది ‘డయాబ్లో ఇమ్మోర్టల్’. అది నాలుగో భాగం కాదు. చైనాకు చెందిన నెట్‌ఈజ్ సంస్థతో కలిసి, ఆండ్రాయిడ్, ఐఫోన్‌ల కోసం తయారుచేస్తున్న ఫోన్ గేమ్.

హాలులో చప్పట్లు పలచగా వినిపించాయి. ఆ తరువాత జరిగిన ప్రశ్నోత్తరాల్లో ఒక అభిమాని మైకు దగ్గరికి వచ్చి, ఇది ఏప్రిల్ ఒకటో తారీఖు పరాచికమా అని అడిగాడు. కంప్యూటర్ మీద ఆడే వీలు కల్పిస్తారా అన్న ప్రశ్నకు, ప్రస్తుతానికి అలాంటి ఆలోచన లేదని వేదిక మీద ఉన్న ప్రధాన రూపకర్త వయట్ చెంగ్ జవాబు చెప్పగానే జనం నిరసనగా అరిచారు. తడబడిన చెంగ్, మీ దగ్గర ఫోన్లు లేవా అని ఎదురు ప్రశ్న వేశారు. ఆ ఒక్క వాక్యం గంటల్లో ప్రపంచమంతా తిరిగి, ఇప్పటికీ గేమ్ అభిమానుల సంభాషణల్లో ఎత్తిపొడుపు మాటగా వాడుకలో ఉంది. ట్రైలర్‌కు యూట్యూబ్‌లో మెచ్చుకోళ్ల కంటే తిరస్కారాలు ఎన్నో రెట్లు వచ్చాయి. ఉత్సవం ముగిశాక వచ్చిన సోమవారం మాతృసంస్థ యాక్టివిజన్ బ్లిజార్డ్ షేరు ధర సుమారు 7 శాతం పడిపోయింది. షేరు ధరలకు ఒకే కారణం అంటగట్టడం శాస్త్రీయం కాదు గాని, ఆనాటి ఆర్థిక వార్తలన్నీ ఈ ఉదంతాన్నే ప్రస్తావించాయి.

ఒక పత్రికా కథనం నాలుగో భాగం గురించిన చిన్న వీడియోను సంస్థ ముందుగా అనుకొని తరువాత మానుకుందని రాసింది. తాము ఏ ప్రకటననూ వెనక్కి తీసుకోలేదని సంస్థ జవాబిచ్చింది.

9.5 నిరాశకు కొలత

అమెరికా పరిశోధకుడు రిచర్డ్ ఆలివర్ 1980లో సంతృప్తిని గురించి ప్రతిపాదించిన నమూనా ఇక్కడ మనకు ఉపకరిస్తుంది. వస్తువు మంచిదా చెడ్డదా అన్నదాని మీద కంటే, అది ముందున్న అంచనాను మించిందా, అందుకుందా, అందుకోలేకపోయిందా అన్నదాని మీద సంతృప్తి ఎక్కువగా ఆధారపడుతుందని ఆ నమూనా చెబుతుంది. ఈ తేడాను ‘అంచనాభంగం’ అందాం. ఇదే ఫోన్ గేమ్‌ను ఏ సందడీ లేని ఒక మంగళవారం నాడు చిన్న పత్రికా ప్రకటనతో చెప్పి ఉంటే కొందరు పెదవి విరిచేవారు, కొందరు సంతోషించేవారు, అంతటితో పోయేది. గేమ్ అదే. మారేది దాని వెనుక నిలిచిన అంచనా ఎత్తు.

దీనికి మరొక పొర ఉంది. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం మనిషి లాభనష్టాలను ఏదో ఒక ఆధార బిందువు నుంచి కొలుచుకుంటాడు. ఒకే పరిమాణంలో ఉన్నా లాభం ఇచ్చే ఆనందం కంటే నష్టం కలిగించే బాధ ఎక్కువ. సాధారణంగా ఆ బిందువు మన చేతిలో ఉన్న స్థితి. కానీ ఆశ గట్టిపడ్డాక ఆ బిందువు అక్కడికి జరుగుతుంది. నాలుగో భాగం డయాబ్లో అభిమానుల చేతికి ఎన్నడూ రాలేదు. అయినా నవంబర్ 2 ఉదయానికి వారి మనసులో అది వచ్చేసింది. మధ్యాహ్నానికి దాన్ని ఎవరో లాక్కున్నట్టు అనిపించింది. బయటివారికి ఇది అతిగా కనిపించినా, వారు అనుభవించింది ‘రాకపోవడం’ కాదు, ‘పోగొట్టుకోవడం’.

9.6 ఫోన్ గేమ్ అంటే అంత చిన్నచూపు ఎందుకు?

మన విద్యార్థికి ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. మన దేశంలో గేమ్ ఆడేవారిలో అత్యధికులు ఆడేది ఫోన్‌లోనే. అదే 2018లో పబ్జీ మొబైల్ మన ఊళ్ళలోని కుర్రకారును ఎలా పట్టేసిందో మీలో చాలామందికి స్వానుభవమే. అలాంటప్పుడు ‘ఫోన్లు లేవా’ అన్న ప్రశ్నలో తప్పేముంది?

తప్పు ప్రశ్నలో లేదు, ఎవరిని అడిగారన్నదాంట్లో ఉంది. ఆ హాలులోనివారు ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చొని, కీబోర్డు, మౌస్‌తో ఈ గేమ్ ఆడినవారు. వారికి ఫోన్ గేమ్ అనగానే చిన్న తెర ఒక్కటే గుర్తుకు రాలేదు. ఉచితంగా మొదలుపెట్టనిచ్చి, లోపలికి వెళ్ళాక అడుగడుగునా కొద్దికొద్దిగా డబ్బు వసూలు చేసే వ్యాపార పద్ధతి గుర్తుకొచ్చింది. తమకు ప్రియమైన కథాప్రపంచాన్ని ఆ పద్ధతికి అప్పగిస్తున్నారన్న అనుమానం కలిగింది. ఇంకో సంగతి, చైనా వంటి దేశాల్లోని కోట్లాది కొత్త ఆటగాళ్ల కోసం ఆ గేమ్ తయారవుతోందని వారికి వెంటనే అర్థమైంది. సంస్థ కొత్త వినియోగదారుల కోసం వెతుక్కోవడం నేరం కాదు. అయితే ఆ శుభవార్తను టికెట్ కొని వచ్చిన పాతవారి ముందు, వారి కోసమే తెచ్చిన కానుకలా చెప్పడం పొరపాటు. ఇంటి అల్లుడిని పిలిచి పక్కింటి పెళ్లి శుభలేఖ చదివి వినిపించినట్టుంది అది.

అభిమానుల పక్షాన ఇంత చెప్పాక, రెండో వైపు కూడా చెప్పాలి. ఏ గేమ్‌ను ఏ రోజు ప్రకటించాలో నిర్ణయించే అధికారం సాధారణంగా ఒక రూపకర్త చేతిలో ఉండదు. తాను ఏళ్ల తరబడి చేసిన పనిని చూపడానికి అతను వేదిక ఎక్కుతాడు. సంస్థ మీద కోపాన్ని ఎదురుగా దొరికిన మనిషి మీద చూపడం ఈ తరహా ఉదంతాలన్నింటిలో కనిపించే లక్షణం. టికెట్ డబ్బు చెల్లించినవాడికి ప్రశ్నించే హక్కు వస్తుంది, ఎదుటివాడిని నలుగురిలో నవ్వులపాలు చేసే హక్కు రాదు. పరీక్షల్లో ఈ అంశం మీద రాసేటప్పుడు ఈ రెండింటినీ కలిపేయకండి.

9.7 సంస్థలు మౌనంగా ఎందుకు ఉంటాయి?

నాలుగో భాగం నిజంగా తయారవుతున్నప్పుడు ఆ ఒక్క ముక్క చెబితే సరిపోయేది కదా అని మీరు అడగవచ్చు. పేరు చెప్పడం వెనుక భయం ఉంది. ఇదే సంస్థ 2002లో స్టార్‌క్రాఫ్ట్ ఘోస్ట్ అనే గేమ్‌ను ప్రకటించి, 2006లో నిరవధికంగా వాయిదా వేసింది. అది నేటికీ రాలేదు. టైటాన్ అనే మారుపేరుతో ఏళ్ల తరబడి నడిచిన మరో భారీ ప్రాజెక్టును 2014లో రద్దు చేసింది. ఇలాంటి అనుభవాలున్న సంస్థ, పేరు బయటపెడితే అదే అప్పుపత్రం అవుతుందని జంకడం సహజమే. అయితే మౌనం కూడా ఉచితం కాదని 2018 నిరూపించింది. ప్రకటించి చేయలేకపోతే ఒక రకం నష్టం. ప్రకటించకుండా ఊరిస్తే మరో రకం నష్టం. ఈ రెండో నష్టం లెక్కల పుస్తకంలో కనిపించదు కాబట్టి సంస్థలు దాన్ని తక్కువగా అంచనా వేస్తుంటాయి.

9.8 ఆశ నెరవేరిన సందర్భం

పోలిక కోసం అదే ఉత్సవంలోని మరొక ఉదంతం చూద్దాం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ 2004లో మొదలై, ఏటేటా మారిపోతూ వచ్చింది. మొదట్లో ఎలా ఉండేదో అలాగే మళ్ళీ ఆడుకునే అవకాశం ఇవ్వమని పాత ఆటగాళ్లు అడుగుతుండేవారు. 2013 బ్లిజ్‌కాన్‌లో ఒకరు ఇదే అడిగితే, వేదిక మీద ఉన్న జె. అలెన్ బ్రాక్ అది కావాలని మీరు అనుకుంటున్నారే గాని నిజానికి మీకు అక్కర్లేదు అన్న అర్థంలో జవాబిచ్చారు. అప్పటికే కొందరు అభిమానులు అనుమతి లేకుండా సొంతంగా అలాంటి పాత గేమ్ నడుపుకొనేవారు. వాటిలో పేరున్న నోస్టాల్‌రియస్ సంస్థ నుంచి వచ్చిన చట్టపరమైన హెచ్చరికతో 2016లో మూతపడింది. నిరసనగా రెండు లక్షలకు పైగా సంతకాలతో ఒక విజ్ఞాపన సంస్థకు చేరింది. 2017 నవంబర్‌లో అదే బ్రాక్ అదే ఉత్సవ వేదిక మీద ‘క్లాసిక్’ రూపాన్ని ప్రకటించారు. హాలు దద్దరిల్లింది. గేమ్ 2019 ఆగస్టులో అందుబాటులోకి వచ్చింది.

ఇక్కడ కూడా అంచనా ‘రావాలి’ దాకా వెళ్ళింది. కానీ ఆ దారి వేరు. సంస్థ ఊరించడం వల్ల కాక, అభిమానులు ఏళ్ల తరబడి బహిరంగంగా అడగడం వల్ల అది ఆ స్థాయికి చేరింది. ఏం కోరుతున్నారో రెండు వైపులా స్పష్టంగా తెలుసు. వినియోగదారుడికి ఏం కావాలో అతని కంటే మనకే బాగా తెలుసుననే ధీమా వ్యాపారంలో ఎంత ఖరీదైనదో చెప్పడానికి నేను ఈ రెండు ఉదంతాలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తుంటాను. 2013లోని జవాబుకూ 2018లోని ‘ఫోన్లు లేవా’ అన్న మాటకూ స్వరం ఒక్కటే.

9.9 తరువాతి సంవత్సరాలు

2019 బ్లిజ్‌కాన్‌కు ముందు వాతావరణం మరీ బరువెక్కింది. అక్టోబర్‌లో హాంకాంగ్ ఉద్యమానికి మద్దతుగా మాట్లాడిన ఒక పోటీ ఆటగాడిని సంస్థ శిక్షించడంతో పెద్ద వివాదం రేగింది. ఆ ఏడాది హాలులోకి వచ్చినవారిలో చాలామంది కొత్త గేమ్ కంటే ముందు సంజాయిషీ కోసం చూశారు. అప్పటికి అధ్యక్షుడిగా ఉన్న బ్రాక్ ప్రారంభ సభలో క్షమాపణ చెప్పి, ఆ తరువాతే మిగతా కార్యక్రమానికి తెర తీశారు. వెంటనే డయాబ్లో నాలుగో భాగం ట్రైలర్ వచ్చింది. అభిమానులు లేచి కేరింతలు కొట్టారు. ఆ గేమ్ అమ్మకానికి వచ్చింది 2023 జూన్‌లో. మొదటి అయిదు రోజుల్లో 66 కోట్ల 60 లక్షల డాలర్ల అమ్మకాలు జరిగాయని సంస్థ తెలిపింది. క్రైస్తవ సంప్రదాయంలో 666 దయ్యపు సంఖ్య కాబట్టి, రాక్షసుల గేమ్‌కు ఆ అంకెను ఏరి చెప్పారేమోనని నవ్వుకున్నవారూ ఉన్నారు.

2018లో గొడవకు కారణమైన డయాబ్లో ఇమ్మోర్టల్ 2022 జూన్‌లో విడుదలైంది. ఆశ్చర్యమేమంటే, కుదరదన్న కంప్యూటర్ రూపం కూడా అదే రోజున వచ్చింది. లోపల డబ్బు వసూలు చేసే పద్ధతి మీద అభిమానులు అనుమానించిన విమర్శే ప్రపంచమంతటా వినిపించింది. అదృష్టపు పెట్టెల అమ్మకం మీద కఠిన నియమాలున్న బెల్జియం, నెదర్లాండ్స్‌లలో ఆ గేమ్‌ను విడుదలే చేయలేదు. అయినా మిగతా దేశాల్లో భారీగా డబ్బు సంపాదించింది. ఆనాడు హాలులో అరిచినవారు ‘మేం చెప్పలేదా’ అనవచ్చు, సంస్థ లెక్కలు చూసేవారు కూడా ‘మేం చెప్పలేదా’ అనవచ్చు.

అభ్యాసం: ఈ మధ్య మీరు ఎదురుచూసిన ఒక ప్రకటనను తీసుకోండి. అది సినిమా ట్రైలర్ కావచ్చు, కొత్త ఫోన్ కావచ్చు, ఉద్యోగ నోటిఫికేషన్ కావచ్చు. మీ అంచనా ‘వస్తే బాగుండు’, ‘రావచ్చు’, ‘వస్తుంది’, ‘రావాలి’ అనే మెట్లలో ఏ తేదీన ఎక్కడ ఉందో, ఏ మాట లేదా ఏ అమరిక దాన్ని పై మెట్టు ఎక్కించిందో రెండు పేజీల్లో రాసి, మీ అధ్యయన కేంద్రంలో జరిగే సంప్రదింపు తరగతికి తీసుకురండి.